ఒకటో తరగతి తొలి నెలలు

ఒకటో తరగతిలో బిడ్డకు అందవలసినవి రెండు. చదవడం, రాయడం, లెక్కపెట్టడం ఒకటి. పెద్దవాళ్ళు పక్కన లేకపోయినా తన పని తాను మొదలుపెట్టి, తానే ముగించగలగడం రెండోది. మొదటిదానికి పాఠ్యపుస్తకం ఉంది, పరీక్ష ఉంది, రిజిస్టరు ఉంది. రెండోదానికి ఇవేవీ లేవు. అందుకే దాన్ని పనిగట్టుకుని నేర్పేవాళ్ళు తక్కువ. వయసొస్తే అదే వస్తుందిలే అని వదిలేసేవాళ్ళు ఎక్కువ. అది దానంతట అది రాదు. అక్షరం దిద్దించినట్టే దాన్నీ ఓపికగా, రోజూ నేర్పాలి. అదీ బడి తెరిచిన తొలి నెలల్లోనే జరగాలి. ఈ పునాది పడని తరగతిలో అక్షరాలు కూడా నిలవవు.

అనకాపల్లి జిల్లా నక్కపల్లి మండలంలో బంగాళాఖాతం ఒడ్డున ఉన్న రాజయ్యపేట లాంటి మత్స్యకార గ్రామంలో ఈ మాట ఎంత నిజమో తేలిగ్గా కనబడుతుంది. తూర్పు తీరంలో చేపల వేట నిషేధం ఏటా ఏప్రిల్ 15న మొదలై 61 రోజులు సాగి జూన్ 14తో ముగుస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో బడులు తెరిచేది జూన్ 12న. రెండు నెలలు ఇంటిపట్టున ఉన్న తండ్రి, బిడ్డ ఒకటో తరగతిలో అడుగుపెట్టిన రెండుమూడు రోజులకే మళ్ళీ సముద్రం మీదికి వెళ్ళిపోతాడు. తీరంలోని ఇళ్ళలో నావలు కదిలే వేళకు పిల్లలు నిద్ర లేవరు. తల్లి చేపల తట్టతో బయల్దేరితే, బిడ్డకు తల దువ్వి పంపే పని నాయనమ్మ మీదో, నాలుగో తరగతి చదివే అక్క మీదో పడుతుంది. ఇలాంటి ఇంట్లో ఆరేళ్ళ పిల్ల చాలా పనులు చక్కబెడుతుంది. తమ్ముణ్ణి చంకనెత్తుకుంటుంది. కొట్టుకు వెళ్ళి చిల్లర సరిచూసుకుని వస్తుంది. ఎండబెట్టిన నెత్తళ్ళ మీద కాకి వాలకుండా కాపలా కాస్తుంది. అంత పనిమంతురాలూ బడిలో కూర్చోగానే "టీచర్, పేజీ తిప్పనా?" అని అడుగుతుంది. పలక నిండితే తుడవడానికి అనుమతి కోసం చెయ్యెత్తి నిలబడుతుంది. ఇంట్లో ఉన్న చేతనైనతనం బడి గడప దాటేసరికి ఎక్కడికి పోయింది? దాన్ని గడప బయటే వదిలేయమని మనమే, మాటల్లో చెప్పకుండా, చెబుతున్నాం. ఒకటో తరగతి గురించి ఆలోచించేవాళ్ళు మొదట పట్టించుకోవలసిన సంగతి ఇది.

2025లో బల్క్ డ్రగ్ పార్కుకు వ్యతిరేకంగా మత్స్యకారులు చేసిన ఆందోళనతో రాజయ్యపేట పేరు రాష్ట్రమంతటా వినబడింది. తీరం మీది బతుకుతెరువు రేపు ఏ దారి పట్టినా, ఇప్పుడు ఒకటో తరగతిలో ఉన్న పిల్లలు తల్లిదండ్రులు చేయని పనులు చేయవలసి వస్తుంది, చదవని కాగితాలు చదివి సంతకం చేయవలసి వస్తుంది. ఒకరు చెబితే గాని కదలని చదువు వాళ్ళకు చాలదు.

ఆరేళ్ళ వయసులో బిడ్డ మనసులో జరిగే మార్పు స్వతంత్రతకు అనువైనదే. చెప్పిన రెండు మూడు మాటలు గుర్తుంచుకుని వరసగా చేయడం, చేతికందిన దాన్ని వెంటనే లాక్కోకుండా వంతు కోసం ఆగడం, ఒక పద్ధతి కుదరకపోతే ఇంకో పద్ధతి పట్టడం ఈ దశలో వేగంగా పెరుగుతాయి. వీటి విలువ చిన్నది కాదు. న్యూజిలాండ్‌లోని డునెడిన్ నగరంలో 1972-73లో పుట్టిన 1,037 మందిని పరిశోధకులు పసితనం నుంచి దశాబ్దాల పాటు గమనిస్తూ వచ్చారు. మూడు నుంచి పదకొండేళ్ళ మధ్య తమను తాము అదుపు చేసుకోగలిగిన పిల్లలు 32 ఏళ్ళ వయసుకు ఆరోగ్యంలోనూ, డబ్బు వ్యవహారాల్లోనూ మెరుగ్గా ఉన్నట్టు 2011లో వెలువడిన ఫలితాలు చూపించాయి. కుటుంబ స్థితినీ తెలివితేటలనూ లెక్కలోకి తీసుకున్నాక కూడా ఆ తేడా మిగిలే ఉంది.

ఇంకో విషయాన్ని రష్యన్ మనస్తత్వవేత్త వైగోట్‌స్కీ గుర్తించాడు. చిన్నపిల్లలు పని చేస్తూ తమలో తాము పైకే మాట్లాడుకుంటారు: "ఇప్పుడు ఎర్రది పెట్టాలి, తర్వాత పచ్చది." ఆ గొణుగుడు కాలక్రమంలో లోపలికి వెళ్ళి ఆలోచనగా మారుతుందని ఆయన వివరించాడు. అంటే ఒకటో తరగతిలో వినబడే సన్నని గోల చాలావరకు పిల్లలు తమను తాము నడిపించుకుంటున్న చప్పుడు. "నోటి మీద వేలేసుకో" అనే ఆజ్ఞ ఆ పనిని మధ్యలో ఆపేస్తుంది. నిశ్శబ్దంగా ఉన్న తరగతే మంచి తరగతి అనే లెక్క పెద్ద తరగతుల్లో ఎంతవరకు చెల్లుతుందో గాని, ఒకటో తరగతిలో మాత్రం చెల్లదు.

జాతీయ విద్యావిధానం 2020 మూడు నుంచి ఎనిమిదేళ్ళ వయసును ఒకే దశగా, పునాది దశగా, చూడమంది. ఒకటో తరగతికి వచ్చే బిడ్డను మూడు నెలల పాటు ఆటపాటలతో బడికి సిద్ధం చేసే 'విద్యా ప్రవేశ్' కార్యక్రమాన్ని 2021 జూలైలో ప్రకటించారు. అదే నెలలో మొదలైన 'నిపుణ్ భారత్' మూడో తరగతి ముగిసేసరికి ప్రతి బిడ్డా అర్థం చేసుకుంటూ చదవాలని, లెక్కలు చేయాలని 2026-27ను గడువుగా పెట్టుకుంది. కాగితం మీద ఈ రెండూ ఒకదానికొకటి తోడు. తరగతి గదిలో మాత్రం రెండోది మొదటిదాన్ని తినేస్తుంది. గడువు దగ్గరపడే కొద్దీ ఆట వెనక్కి పోయి పలక ముందుకొస్తుంది. ఆ మూడు నెలలను తొందరపడి కుదిస్తే మిగిలిన ఏడు నెలలూ టీచరే ప్రతి పెన్సిలూ చెక్కుతూ, ప్రతి పేజీ తిప్పుతూ గడపవలసి వస్తుంది. సమయం పోయేది అక్కడే.

ఈ నెలల్లో అప్పగించవలసిన పనులు చూడ్డానికి చిన్నవి. బ్యాగు ఎక్కడ పెట్టాలో అక్కడ పెట్టడం, చెప్పులు జతగా విడవడం, పలక తనే తెచ్చుకుని తనే తిరిగి పెట్టడం, మరుగుదొడ్డికి వెళ్ళొచ్చి చేతులు కడుక్కోవడం, మధ్యాహ్న భోజనం పళ్ళెం పట్టుకుని వరసలో నిలబడి, తిన్నాక కడిగి బోర్లించడం. ఒక్కో పనికీ ఒక పద్ధతి ఉంటుంది; దాన్ని చేసి చూపించాలి, చేయించాలి, ఆ పైన చెయ్యి తీసేయాలి. ఈత నేర్పేవాడు పొట్ట కింద పెట్టిన చెయ్యిని బిడ్డకు తెలియకుండా కొంచెం కొంచెంగా దించినట్టు. ఒకేసారి తీసేస్తే మునిగిపోతుంది, ఎప్పటికీ తీయకపోతే ఈత రాదు. గుడ్డు పెంకు వలవడం ఇందుకు మంచి ఉదాహరణ. బడిలో గుడ్డు పెట్టిన రోజున పెద్దవాళ్ళు గబగబా వలిచి పళ్ళెంలో వేసేస్తే రెండు నిమిషాల్లో పని అయిపోతుంది. పిల్లల చేత వలిపిస్తే పావుగంట పడుతుంది, నేల మీద పెంకులు పడతాయి, ఒకరిద్దరి గుడ్డు చితికిపోతుంది. కానీ గుడ్డును గట్టి చోట తట్టి, పగులు పట్టుకుని, బొటనవేలి కొసతో పెంకును లేపే ఆ వేళ్ళే రేపు పెన్సిలు పట్టుకోవాలి. వేలి కండరాలకు అంతకంటే మంచి సాధన ఏ వర్క్‌బుక్కులోనూ లేదు.

హాజరు తీసుకునే పద్ధతి మార్చినా చాలు, చదువూ స్వతంత్రతా ఒకే పనిలో కలుస్తాయి. ప్రతి బిడ్డ పేరూ ఒక అట్ట మీద పెద్ద అక్షరాల్లో రాసి గుమ్మం పక్కన ఉంచుతారు. లోపలికి రాగానే ఎవరి అట్ట వాళ్ళు వెతుక్కుని మేకుకు తగిలించాలి. మిగిలిన అట్టలే ఆ రోజు రానివాళ్ళ లెక్క. అనకాపల్లి నూకాలమ్మ తల్లి, సింహాచలం అప్పన్న ఇలవేల్పులుగా ఉన్న ఈ ప్రాంతంలో ఒకే తరగతిలో నూకరాజు, నూకరత్నం, అప్పలరాజు, అప్పలనర్స కలిసి ఉండటం మామూలే. నూకరాజు తన అట్ట అనుకుని నూకరత్నం అట్ట తీస్తాడు. "అది నాది" అని ఆ పిల్ల లాక్కుంటుంది. రెంటినీ పక్కపక్కన పెట్టి ఎక్కడ తేడా ఉందో ఇద్దరూ వెతుకుతారు. మొదటి రెండు అక్షరాలూ ఒకటే, ఆ తర్వాతే దారులు వేరయ్యాయని తెలిసిన క్షణంలో చదవడం అనే పని మొదలైంది.

తెలుగు లిపి బోధనలో ఇందుకు ఇంకో ప్రయోజనం ఉంది. మన బడుల్లో ముందు 56 అక్షరాలు, ఆ తర్వాత గుణింతాలు, ఆ తర్వాత ఒత్తులు అనే వరస పాతుకుపోయింది. మూడు డజన్ల హల్లులకు పన్నెండేసి గుణింత రూపాలు వేసుకున్నా 400 దాటిపోతాయి. అవన్నీ కంఠస్థమయ్యాకే మాట చదవాలంటే బిడ్డకు ఏడాది గడిచినా అర్థమున్న మాట ఒక్కటీ దొరకదు. అప్పలరాజు అనే పేరులో మాత్రం ఒత్తు ఉంది, దీర్ఘం ఉంది, కొమ్ము ఉంది. ఎల్లాజీ పేరులో ద్విత్వం మీద దీర్ఘం ఉంది. రాజయ్యపేట అనే ఊరి పేరులో దీర్ఘం, యావత్తు, ఏత్వం మూడూ ఉన్నాయి. బిడ్డ వీటిని విడదీసి చెప్పలేకపోవచ్చు. మొత్తంగా గుర్తుపడుతుంది, తర్వాత ముక్కలుగా పోల్చుకుంటుంది. అక్షరాల వరస నేర్పవద్దని కాదు. వ-ప, మ-య, న-స లాంటి దగ్గరి రూపాలను వేరుచేసి చూపించాలి, శబ్దాన్ని అక్షరానికి ముడిపెట్టాలి. కానీ అర్థమున్న మాట కోసం బిడ్డను ఏడాది ఆపడం అన్యాయం. 2022లో వచ్చిన పునాది దశ పాఠ్యప్రణాళికా చట్రం కూడా మాట్లాడటం, పదాలు గుర్తించడం, చదవడం, రాయడం నాలుగూ పక్కపక్కనే సాగాలని చెప్పింది.

ఇక్కడ చూచిరాత గురించి కొంచెం గట్టిగానే చెప్పుకోవాలి. బోర్డు మీద ఉన్నదంతా తప్పు లేకుండా, ముత్యాల్లా నోటుబుక్కులోకి దించిన పిల్లను అందరూ మెచ్చుకుంటారు. ఆ పిల్లనే ఒక మాట చదవమంటే బోర్డు వైపు చూస్తుంది, టీచరు పెదవుల వైపు చూస్తుంది. ఆమె చేసింది బొమ్మ గీయడమే గాని రాయడం కాదు. తరగతిలో అందరికంటే ఎక్కువగా ఇంకొకరి మీద ఆధారపడిన బిడ్డ ఒక్కోసారి అందరికంటే నీటైన నోటుబుక్కు ఉన్న బిడ్డే. పక్కనే ఇంకొకడు తను తిన్న చేప బొమ్మ వేసి కింద 'వజరం' అని రాస్తాడు. సున్నా పోయింది. అయినా ఆ మూడక్షరాలూ వాడి సొంతం: మాటను మనసులో పలికి, శబ్దాలను విడదీసి, ఒక్కోదానికీ అక్షరం వెతుక్కున్నాడు. మొదటి నోటుబుక్కుకు 'గుడ్', రెండోదానికి ఎర్ర గీత పడితే తరగతి మొత్తానికీ అందే పాఠం ఒక్కటే: నీ అంతట నువ్వు రాస్తే తప్పు, చూసి దింపితే ఒప్పు. మన విద్యార్థులు పదో తరగతిలో సొంతంగా పది వాక్యాలు రాయలేకపోతున్నారని బాధపడేవాళ్ళు ఆ కారణాన్ని ఈ ఎర్ర గీత దగ్గర వెతకాలి.

బిడ్డ ఇంటి మాట సంగతీ ఇంతే. ఉత్తరాంధ్ర పిల్లలు 'కూకున్నాను' అంటారు, 'ఈయేల' అంటారు. 'అలా అనకూడదు' అని మొదటి వారంలోనే దిద్దితే బిడ్డ రెండోసారి నోరు విప్పదు. శ్రీకాకుళం ప్రాంతంలోనే పుట్టిన గిడుగు రామమూర్తి సవర పిల్లలకు వాళ్ళ భాషలోనే చదువు చెప్పాలని సొంత ఖర్చుతో పాటుపడ్డారు. ప్రజల నోటి మాటకు పుస్తకంలో చోటు కోసం జీవితమంతా పోరాడారు. ఆయన పుట్టిన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్న రాష్ట్రంలో ఒకటో తరగతి పిల్ల తన ఊరి మాటకు సిగ్గుపడకూడదు. 'కూర్చున్నాను' అనే రూపం టీచరు నోట, కథల్లో విని మెల్లగా దానంతట అదే వచ్చి చేరుతుంది. ఇప్పుడు దీనికి ఇంగ్లిషు మాధ్యమం కూడా తోడైంది. ఎదురెదురు పేజీల్లో తెలుగూ ఇంగ్లిషూ ఉన్న పాఠ్యపుస్తకాలు ఉన్నా, ఏ సూచన ఏ భాషలో వస్తే బిడ్డ అడగకుండా పని మొదలుపెడుతుందో ఆ భాషే తొలి నెలల్లో నడవాలి. సూచన అర్థం కానప్పుడు బిడ్డకు మిగిలేది పక్కవాణ్ణి చూసి చేయడమే.

పక్కవాణ్ణి చూసి చేయడం వేరు, పక్కవాడి దగ్గర నేర్చుకోవడం వేరు. రెండోదానికి మన దగ్గర పాత చరిత్ర ఉంది. 1823 ఆగస్టులో బళ్ళారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ తన జిల్లాలోని దేశీయ పాఠశాలల మీద మద్రాసు ప్రభుత్వానికి నివేదిక పంపాడు. తెలుగు, కన్నడం రెండూ నడిచే ఆ జిల్లాలో అప్పుడు 533 బడులు, వాటిలో 6,641 మంది పిల్లలు. సగటున బడికి పన్నెండు మంది. ఐదేళ్ళ వయసులో బియ్యంలో వేలితో రాయించి చదువు మొదలుపెట్టడం, ఆపైన ఇసుకలో దిద్దించడం, ముందున్న పిల్లలు వెనకున్నవాళ్ళకు నేర్పుతూ తమకు వచ్చినదాన్ని గట్టిపరచుకోవడం అతడు చూశాడు. ఈ చివరి పద్ధతిని బాగా మెచ్చుకున్నాడు. అంతకు ముందే ఆండ్రూ బెల్ అనే పాదిరీ మద్రాసు ఎగ్మూరులోని అనాథాశ్రమంలో ఇలాంటి పద్ధతినే అమలుచేసి 1797లో పుస్తకం ప్రచురిస్తే, అది 'మద్రాసు పద్ధతి' పేరుతో ఇంగ్లండు బడులకు చేరింది. అదే నివేదికలో క్యాంప్‌బెల్ ఒక లోపాన్నీ దాచకుండా రాశాడు: పిల్లలు వాడుక భాషకు దూరమైన పద్యాలను అర్థం తెలియకుండానే వల్లెవేస్తున్నారని. రెండు వందల ఏళ్ళ తర్వాత మన చేతిలో మిగిలింది మెచ్చుకున్న పద్ధతి కాదు, ఎత్తిచూపిన లోపం.

ఆ పద్ధతిని ఆధునికంగా పునరుద్ధరించిన పని మదనపల్లె దగ్గరి రిషివ్యాలీలో జరిగింది. 1980ల నుంచి పద్మనాభరావు, రమ దంపతులు చుట్టుపక్కల పల్లెల్లో ఒకే టీచరు నడిపే చిన్న బడుల కోసం పాఠ్యపుస్తకాన్ని విడగొట్టి వందలాది కార్డులుగా చేశారు. ఆ కార్డుల వరసను నిచ్చెన రూపంలో గోడకు తగిలించారు. ప్రతి మెట్టుకూ ఒక బొమ్మ గుర్తు. అక్షరం రాని బిడ్డ కూడా గుర్తు చూసి తాను ఏ మెట్టు మీద ఉన్నదీ తెలుసుకుని, తన కార్డు తానే తెచ్చుకుని, ఏ గుంపులో కూర్చోవాలో చూసుకుని కూర్చుంటుంది. ఒక గుంపుకు టీచరు పూర్తిగా నేర్పుతుంది, ఒక గుంపుకు కొంత సాయం చేస్తుంది, ఒక గుంపులో తోటిపిల్లలు సాయపడతారు, ఇంకో గుంపు ఒంటరిగా సాధన చేస్తుంది. జ్వరంతో వారం రోజులు మానేసిన పిల్ల తిరిగి వచ్చి, ఆగిన మెట్టు దగ్గరే అందుకుంటుంది. పెళ్ళిళ్ళకూ జాతరలకూ పిల్లలు మానేసే ఊళ్ళలో ఈ ఒక్క గుణమే ఎంతో విలువైనది. ఈ నమూనా నుంచి పుట్టిన కృత్యాధార బోధన 2003లో చెన్నై కార్పొరేషన్ బడుల్లో మొదలై తర్వాత తమిళనాడు అంతటికీ విస్తరించింది. కార్డులు ఉన్నంత మాత్రాన స్వతంత్రత రాదన్నదీ నిజమే. మెట్టు ఎక్కడమే పని అయిపోతే కార్డు కూడా చూచిరాతే. అయినా, 'తర్వాత ఏం చేయాలి?' అన్న ప్రశ్నకు జవాబు టీచరు నోట కాక గోడ మీద ఉండటం అనే ఆలోచనను ఏ బడైనా ఖర్చు లేకుండా తీసుకోవచ్చు.

తోటిపిల్లల సాయం దొరకాలంటే పెద్ద పిల్లలు బడిలో ఉండాలి. 2022 జూన్‌లో వచ్చిన జీవో 117 చాలాచోట్ల మూడు, నాలుగు, ఐదు తరగతులను ఉన్నత పాఠశాలలకు పంపించి, పల్లె బడిలో ఒకటి రెండు తరగతులనే మిగిల్చింది. టీచర్ల సంఖ్య గురించి, దూరం గురించి చాలా చర్చ జరిగింది. చిన్నపిల్లలకు దారి చూపే అక్కలూ అన్నలూ ఆ బడి నుంచి వెళ్ళిపోయారన్న సంగతి చర్చలో పెద్దగా వినబడలేదు. 2025లో ప్రభుత్వం ఆ ఉత్తర్వును రద్దుచేసి, తరగతికో టీచరుండే ఆదర్శ ప్రాథమిక పాఠశాలలను ముందుకు తెచ్చింది. తరగతికో టీచరు మంచిదే. కానీ రోజులో ఒక అరగంటైనా మూడో తరగతి పిల్ల ఒకటో తరగతి పిల్లకు కథ చదివి వినిపించే వీలు ఆ ఏర్పాటులో ఉండాలి.

లెక్కల్లో మన భాష బిడ్డకు మంచి సాయమే చేస్తుంది. పదకొండు, పన్నెండు దగ్గర కొంచెం తికమక ఉన్నా, ఇరవై దాటాక 'ఇరవై ఒకటి', 'ముప్ఫై రెండు' అనే పేర్లలోనే పదులూ ఒకట్లూ విడివిడిగా వినబడతాయి. హిందీ పిల్లలకు ఈ సౌకర్యం లేదు. పుల్లలను పదేసి కట్టలు కట్టించి, కట్టలను పేరుతో పలికిస్తే స్థానవిలువ చేతికే తెలుస్తుంది.

భయం ఉన్న చోట ఈ మాటల్లో ఏదీ నిలవదు. విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్ శారీరక శిక్షనూ మానసిక వేధింపునూ నిషేధించింది. తప్పుచేస్తే దెబ్బ పడుతుందని తెలిసిన బిడ్డ తన అంతట తాను ఏదీ మొదలుపెట్టదు. అడిగి చేయడమే క్షేమం అనుకుంటుంది. 'పేజీ తిప్పనా?' అనే ప్రశ్న వెనక చాలాసార్లు ఉన్నది మర్యాద కాదు, భయమే.

ఏప్రిల్లో ఒకటో తరగతి పిల్లను పరీక్షించేవాళ్ళు ఎన్ని అక్షరాలు వచ్చాయని అడగడంతో పాటు మరికొన్ని చూడాలి. చెప్పిన పనిని మళ్ళీ అడగకుండా మొదలుపెడుతోందా? చిక్కు వస్తే ఏడుస్తోందా, పక్కవాళ్ళను అడుగుతోందా, ఇంకోలా ప్రయత్నిస్తోందా? ఇష్టమైన పుస్తకం తానే తీసుకుని కాసేపు కూర్చుంటోందా? చూడకుండా రెండు మాటలు సొంతంగా, తప్పులతోనైనా, రాస్తోందా? వీటికి మార్కులు అక్కర్లేదు. నెలకొకసారి బిడ్డ పేరు ఎదురుగా టీచరు ఒక వాక్యం రాసిపెట్టుకుంటే తల్లికి చెప్పడానికి అదే చాలు.

ఇదంతా చేయగలిగేది గదిలో ఉన్న ఒక్క మనిషి. కానీ మన బడుల్లో ఒకటో తరగతి తరచుగా కొత్తగా చేరినవాళ్ళకో, సెలవు మీద వెళ్ళినవాళ్ళ బదులు వచ్చినవాళ్ళకో దక్కుతుంది; అనుభవం ఉన్నవాళ్ళు ఐదో తరగతి తీసుకుంటారు. ఎప్పుడు చెయ్యి పట్టుకోవాలో, ఎప్పుడు వదలాలో తెలిసిన చూపు ఏళ్ళ మీద గాని రాదు. ప్రధానోపాధ్యాయులకూ, మండల విద్యాధికారులకూ, పాఠశాల యాజమాన్య కమిటీల్లోని తల్లిదండ్రులకూ విన్నపం ఒక్కటే: వచ్చే జూన్‌లో తరగతులు పంచేటప్పుడు బడిలోకెల్లా అనుభవం ఉన్న టీచరును ఒకటో తరగతికి వేయండి, సెప్టెంబరు దాటే దాకా ఆ టీచరును వేరే పనుల మీద బయటికి పంపకండి.